కలం పక్కన పెట్టాక మాంగా చిత్రకారులు ఏం చేస్తారు?

మీరు, 'వన్ పీస్' అనే మాంగా (జపాన్ కామిక్స్ సీరియల్) గీసే ఎయిచిరో ఒదా రోజుకు మూడు గంటలే నిద్రపోతారని ఎక్కడో చదివారు. బొమ్మలు గీయని సమయంలో మాంగా చిత్రకారులు ఎలా గడుపుతారు, ఏం తింటారు, వాళ్లకు సరదాలు, సంసారాలు ఉంటాయా అన్నది మీ సందేహం. మీరు కూడా ఆఫీసు నుంచి వచ్చాక తెల్లవారుజామున మూడింటిదాకా మేలుకుని గీయడం అలవాటు చేసుకుంటున్నానని చివర్లో రాశారు. ఆ చివరి వాక్యం చూసే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేను క్యోటోలో మాంగా చదువుకుని, టోక్యోలో కొన్నేళ్లు అసిస్టెంటుగా పనిచేశాను. మొదట ఒక వారపత్రిక సీరియల్‌కు, తర్వాత ఒక మాసపత్రిక సీరియల్‌కు నేపథ్యాలు గీశాను. ఇప్పుడు హైదరాబాదులో పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. ఎవరి దగ్గర పనిచేశానో చెప్పను. పేరు పెట్టి చెప్పేవన్నీ ఆయా చిత్రకారులు తామే బయటపెట్టుకున్నవి, లేదా జపాన్‌లో పాఠకులందరికీ తెలిసినవి.

ముందు ఆ మూడు గంటల సంగతి తేల్చుకుందాం. రాత్రి రెండింటికి పడుకుని ఐదింటికి లేస్తానని ఒదా, పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే తన శీర్షికలో రాసిన మాట నిజమే. ఆ ఒక్క ముక్కా ప్రపంచమంతా తిరిగింది. ఆయనే 2013లో గొంతులో చీముగడ్డ లేచి ఆసుపత్రిలో చేరిన సంగతి, 2023 జూన్‌లో కంటి శస్త్రచికిత్స కోసం నాలుగు వారాలు సీరియల్ ఆపిన సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు. ఇప్పుడు మూడు నాలుగు భాగాలకొకసారి ఒక వారం విరామం వస్తోంది. 1997లో మొదలైన సీరియల్ ఇంకా నడుస్తోందంటే, నన్నడిగితే, అందులో ఆ విరామాల పుణ్యం చాలా ఉంది. మూడు గంటల నిద్రను ఆదర్శంగా తీసుకునేవాళ్లు ఆ విరామాలను కూడా లెక్కలో వేసుకోవాలి.

వారపత్రిక సీరియల్ అంటే ఎంత పనో తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. 'షోనెన్ జంప్' లాంటి పత్రికలో ఒక భాగం సుమారు 19 పేజీలు. ఏడు రోజుల్లో కథ ఆలోచించాలి. దాన్ని పేజీలుగా, గడులుగా విడగొట్టి, సంభాషణలు రాసి చిత్తు ప్రతి తయారుచేయాలి. దీన్ని అక్కడ 'నేము' అంటారు. దానికి ఎడిటర్‌ను ఒప్పించాలి. తర్వాత పెన్సిలు, సిరా, నేపథ్యాలు, నల్లరంగు, నీడల కోసం వేసే చుక్కల తెరలు. అప్పగించిన మర్నాడే మళ్లీ మొదలు. మామూలుగా సగం వారం నేముకే పోతుంది, మిగిలిన సగంలో పేజీలన్నీ పూర్తికావాలి. కొత్త సంవత్సరం, మే మొదటి వారం సెలవులు, ఆగస్టులో పితృదేవతల పండుగ ఓబొన్, వీటికి మాత్రం పత్రిక రెండు సంచికలు కలిపి వేస్తుంది. అవే వాళ్లకు దొరికే వారం సెలవులు. మాసపత్రికకు మారిన చిత్రకారులు ఏళ్ల తర్వాత పగటి వెలుగు చూసినట్టుందని అంటుంటారు. రెండు చోట్లా పనిచేసినవాడిగా, ఆ మాటలో అతిశయోక్తి లేదని చెప్పగలను.

కాబట్టి 'గీయని సమయం' అని మీరు అంటున్నదాంట్లో సగం నిజానికి పనే. బయటివాళ్లకు అది పనిలా కనపడదు, అంతే. నేము దశలో ఉన్న చిత్రకారుడు ఊరికే వీధుల్లో తిరుగుతుంటాడు, స్నానాల తొట్టిలో గంటసేపు కూర్చుంటాడు, రైలెక్కి చివరి స్టేషను దాకా వెళ్లి తిరిగొస్తాడు. చాలామంది చేసేది మాత్రం ఫ్యామిలీ రెస్టారెంటుకు వెళ్లి కూర్చోవడం. మా సెన్సేది, అంటే మేం పనిచేసిన చిత్రకారుడిది, కూడా అదే అలవాటు. స్టేషను పక్కనున్న రెస్టారెంటులో వంటగదికి దూరంగా, గోడవైపు మూల బల్ల. అక్కడ 'డ్రింక్ బార్' అని ఒకసారి డబ్బు కట్టి ఎన్ని కప్పులైనా కాఫీ, టీ, పానీయాలు పట్టుకోవచ్చు. ఆయన ముందు పుచ్చకాయ సోడా, తర్వాత కాఫీ, మళ్లీ కాఫీ. సంచిలో మామూలు కాపీ కాగితాల కట్ట, సీసపు పెన్సిలు, అరిగిపోయిన రబ్బరు ముక్క. కాగితాన్ని సగానికి మడిస్తే ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కనపడతాయి. మొదటి గంట కాగితం మీద ఏమీ పడదు. పక్క బల్ల దగ్గర హైస్కూలు పిల్లలు పరీక్షల గురించి మాట్లాడుకుంటుంటే వింటూ కూర్చుంటారు. ఆ పిల్లల మాటల్లో విరుపులు రెండు వారాల తర్వాత పత్రికలో పాత్రల నోట కనపడేవి. ఇంట్లో ఎందుకు చేయరని అడిగితే, ఇంట్లో మంచం ఉందిగా అన్నారు.

సిరా దిద్దే దశ ఇందుకు పూర్తిగా భిన్నం. చెయ్యి పనిచేస్తుంటుంది, బుర్ర ఖాళీగా ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో స్టూడియోలో రేడియో మోగుతూనే ఉంటుంది. జపాన్‌లో అర్ధరాత్రి రేడియోకు పెద్ద చరిత్ర ఉంది. 1967లో మొదలైన 'ఆల్ నైట్ నిప్పాన్' ఇప్పటికీ రాత్రి ఒంటిగంటకు వస్తుంది. కొన్ని తరాల చిత్రకారులు దాన్ని వింటూనే పేజీలు పూర్తిచేశారు. కొందరు సినిమాలు పెట్టుకుని చూడకుండా వింటారు. అకిరా తొరియామా అలా పనిచేస్తూ జాకీ చాన్ కుంగ్‌ఫూ సినిమాల వీడియోలు మళ్లీ మళ్లీ వేసుకునేవారు. అంత ఇష్టమైతే అలాంటి కథే గీయొచ్చు కదా అన్నారు ఆయన ఎడిటర్ తొరిషిమా. తొరియామా ప్రసిద్ధ సీరియల్ 'డ్రాగన్ బాల్' వెనకున్న బీజం అదే. వినోదం, పని అని గిరి గీయడం కష్టమని అందుకే అంటాను.

ఇక నిద్ర. రాత్రంతా మేలుకోవడం గొప్ప అన్న భావన ఎక్కడినుంచి వచ్చిందంటే చాలావరకు ఒసాము తెజుకా దగ్గర్నుంచే. వైద్యం చదివి మాంగాలోకి వచ్చిన ఆయన సుమారు లక్షన్నర పేజీలు గీశారు. ఒకే నెలలో అనేక పత్రికలకు రాసేవారు కాబట్టి ఆయన ఇంట్లో పత్రికకొకరు చొప్పున ఎడిటర్లు వరసగా కాపలా కూర్చునేవారు. వాళ్ల కన్నుగప్పి సినిమాకు వెళ్లిపోవడం కూడా ఆయన దినచర్యలో భాగమే. సినిమాలంటే అంత పిచ్చి. పురుగులంటే ఇంకా పిచ్చి. చిన్నప్పుడు పురుగులు సేకరించే రోజుల్లోనే ఒక పెంకుపురుగు జాతి పేరు మీద తన పేరును మార్చి రాసుకున్నారు. చాక్లెట్ లేకపోతే పని సాగదు. ఆయన పోయిన పాతికేళ్లకు, 2014లో, తాళంచెవి పోయిన బల్ల సొరుగును కుటుంబసభ్యులు తెరిపిస్తే కాగితాలతో పాటు కొరికి వదిలేసిన చాక్లెట్ ముక్క కూడా దొరికింది. ఇవన్నీ ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆయన 1989 ఫిబ్రవరి 9న 60 ఏళ్లకే కడుపు క్యాన్సర్‌తో పోయారు. ఆసుపత్రి మంచం మీద కూడా పెన్సిలు వదల్లేదు.

ఆయన వెనకే వచ్చిన షోతారో ఇషినోమొరి 1998లో 60 ఏళ్లకే పోయారు. 'దొరేమాన్' సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో, 62వ ఏట, బల్ల ముందు పనిచేస్తూ స్పృహ తప్పారు, మళ్లీ కోలుకోలేదు. 'బెర్సెర్క్' గీసిన కెంతారో మియురా 2021లో 54 ఏళ్లకు బృహద్ధమని చీలి చనిపోయారు. వీళ్లందరినీ నిద్రలేమే చంపిందని నేననను, ఎవరి జబ్బు వారిది. కానీ ఈ వరస పక్కన షిగెరు మిజుకిని నిలబెట్టి చూడండి.

మిజుకి 1922లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా రబౌల్ (ఇప్పటి పాపువా న్యూ గినియాలో ఉంది) వెళ్లి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నారు. జీవితాంతం ఒక్క కుడిచేత్తోనే గీశారు. ఆయన వేసిన ఒక చిన్న మాంగాలో తెజుకా, ఇషినోమొరి ఎన్ని రాత్రులు మేలుకున్నామో చెప్పుకుంటుంటే, ఎంత పని ఉన్నా నేను పది గంటలు పడుకుంటానని పక్కన కూర్చున్న మిజుకి అంటారు. వాళ్లు నవ్వుతారు. ఆ ఇద్దరూ తొందరగా వెళ్లిపోయారని, నిద్రను చులకన చేయకూడదని చివర్లో తనే వ్యాఖ్యానిస్తారు. ఆయన 2015లో 93వ ఏట పోయారు. 91 ఏళ్ల వయసులో కొత్త సీరియల్ మొదలుపెట్టారు, అదీ తన రోజువారీ జీవితం మీద! ఆయన మాత్రం ఎప్పుడూ తీరిగ్గా బతికారని అనుకోకండి. 1960ల చివర్లో సీరియళ్లన్నీ ఒక్కసారిగా మీదపడ్డప్పుడు ఆయనకూ ఊపిరి సలపలేదు. దాన్నుంచి బయటపడ్డాక పనిని తగ్గించుకోవడానికి తెగించారు, అదే తేడా.

మీకు నిజంగా ఆదర్శం కావాలంటే ఒసాము అకిమోతోను చూపిస్తాను. టోక్యోలోని ఒక పోలీసు ఔట్‌పోస్టు చుట్టూ తిరిగే 'కొచికమె' అనే హాస్య సీరియల్‌ను 1976 నుంచి 2016 దాకా 40 ఏళ్లపాటు 'షోనెన్ జంప్'లో ఒక్క వారం తప్పకుండా గీశారు. 200 సంపుటాలు. ఈ పని చేసిన మనిషి రాత్రులు మేలుకునే రకం కాదు. ఆయన స్టూడియో ఒక కంపెనీ. అసిస్టెంట్లు ఉద్యోగులు. పొద్దున వచ్చి హాజరు యంత్రంలో కార్డు పెడతారు, సాయంత్రం కార్డు పెట్టి ఇంటికి వెళ్తారు. కొన్ని భాగాలు ముందే గీసి నిల్వ ఉంచుకునేవారు. దాంతో ఊళ్లు తిరగడానికి, ఫొటోలు తీయడానికి, కొత్త బొమ్మలు, యంత్రాలు, తుపాకుల నమూనాలు చూడటానికి సమయం దొరికేది. అవన్నీ మళ్లీ కథల్లోకి వచ్చేవి. ఇంత క్రమశిక్షణ గల మనిషి గురించి గొప్ప పురాణగాథలేమీ పుట్టవు, పుట్టించడానికి ఏముంది కనుక?

'జోజో' సిరీస్ గీసే హిరోహికో అరాకి కూడా ఇదే కోవ. అర్ధరాత్రి దాటి పనిచేయరు. వ్యాయామశాల, వంట, సినిమాలు, సంగీతం, అన్నిటికీ వేళ ఉంది. 1960లో పుట్టిన మనిషి ఫొటోల్లో ముప్పైల్లో ఉన్నట్టు కనపడతారని అభిమానులు ఏటా ఆశ్చర్యపోతుంటారు. 2005లో ఆయన వారపత్రిక వదిలి మాసపత్రికకు మారారు. దాన్ని వెనకడుగని అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత వచ్చిన భాగాలు చదివితే ఆ అనుమానం ఉండదు.

దీనికి ఎదురుగా ఉన్న ఉదాహరణ 'హంటర్ హంటర్' చిత్రకారుడు యోషిహిరో తొగాషి. విరామాల గురించి అభిమానులు ఏళ్లతరబడి వెటకారాలాడారు, వీడియో గేములాడుతూ కూర్చున్నాడని దెప్పారు. 2022 మే నెలలో ఆయన ట్విట్టర్ ఖాతా తెరిచి పేజీ అంచుల ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటికొచ్చింది. నడుము నొప్పితో రెండేళ్లుగా కుర్చీలో కూర్చుని గీయలేకపోయారు, పడుకుని గీయాల్సి వచ్చింది. మా స్టూడియోలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు సెన్సే కుర్చీయే. కంప్యూటర్ దాని తర్వాతే. మణికట్టుకు నొప్పి పట్టీలు, భుజాలకు నొప్పి పట్టీలు, గదంతా కర్పూరంలా ఆ పట్టీల వాసన. గంటకోసారి లేచి నడవాలని గోడమీద రాసి పెట్టుకున్నా ఎవరూ లేవరు, అప్పగింత ముందురోజైతే మరీ.

తిండి గురించి అడిగారు. అప్పగింత దగ్గర పడ్డ స్టూడియోలో ఏం తింటారన్నది ఎవరు వండుతారన్నదాని మీదే ఆధారపడి ఉంటుంది. స్టూడియోలో వంట కోసమే పెట్టుకునే మనిషికి ప్రత్యేకంగా పేరుంది, 'మెషిస్తాంతో' అని. అన్నం అనే మాటకు అసిస్టెంటును అతికించి చేసిన సరదా పేరది. మా దగ్గర ఆ పని చేసిన ఆవిడ మధ్యాహ్నం మూడింటికి వచ్చి రెండు పూటలకు సరిపడా వండి వెళ్లేవారు. పెద్ద గిన్నె నిండా జపాన్ పద్ధతి కూర, మిసో పులుసు, కుక్కర్లో అన్నం. తిన్నాక చేతికి జిడ్డు ఉండకూడదు, కాగితానికి అంటితే సిరా పట్టదు. అందుకని వేపుళ్లు, చిప్సు బల్లల దగ్గర నిషేధం. తినాలనిపిస్తే చాప్‌స్టిక్‌లతో చిప్సు తినే అలవాటు అక్కడ చాలామందికి ఉంది, మొదట చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, నెల తిరక్కుండా నేనూ అలాగే తిన్నాను. ఇప్పుడు ఎక్కువమంది తెరమీదే గీస్తున్నారు కాబట్టి సిరా భయం పోయింది, తెరమీద మరకల భయం వచ్చింది. కోవిడ్ తర్వాత అసిస్టెంట్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఫైళ్లు పంపుతున్నారు. ఒకే గిన్నెలో భోజనం చాలా స్టూడియోల్లో ఆగిపోయింది. ఇంట్లో ఒంటరిగా పనిచేసేవాళ్లకు దిక్కు వీధి చివరి దుకాణంలో దొరికే అన్నపు ముద్దలు, ఉడికించిన గుడ్లే.

పాతకాలపు ఉమ్మడి జీవితం చూడాలంటే టోక్యో తొషిమా వార్డులో తొకివాసో మ్యూజియం ఉంది. 1950ల్లో తెజుకా ఉన్న ఆ చెక్క అపార్ట్‌మెంటులోకి ఆయన వెనకే ఇద్దరు ఫుజికోలు (మొదట్లో ఫుజికో ఫుజియో అన్న ఒకే కలంపేరుతో కలిసి గీసిన మిత్రులు), ఇషినోమొరి, ఫుజియో అకత్సుకా వచ్చి చేరారు. ఒక్కొక్కరికి నాలుగున్నర తతామి చాపల గది, అంటే మన లెక్కలో ఒక మంచం, బల్ల పట్టేంత. వంటగది, మరుగుదొడ్డి ఉమ్మడి. స్నానాలగది లేదు. డబ్బులుంటే వీధిలోని స్నానశాలకు, లేకపోతే వేసవిలో వంటగది తొట్టిలోనే కూర్చుని నీళ్లు పోసుకునేవారట. ఆ కుర్రవాళ్లకు పెద్దన్నలాంటి హిరోఓ తెరాదా గదిలో చేరి సోడా కలిపిన చవక సారాయి తాగుతూ కబుర్లు చెప్పుకునేవారు. అసలు భవనాన్ని 1982లో కూల్చేశారు. దాన్ని మెట్ల కిర్రుమోతతో సహా మళ్లీ కట్టి 2020 జులైలో మ్యూజియంగా తెరిచారు. టోక్యో వెళ్తే ఒక పూట కేటాయించండి. ఆ వంటగది చూస్తే చాలు, మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

సరదాల విషయానికొస్తే, ఇక్కడే నాకు చెప్పాలనిపించేవి ఎక్కువ. తొరియామా ప్లాస్టిక్ నమూనాలు అతికించేవారు. మోటార్‌సైకిళ్లు, కార్లు, ట్యాంకులు. టోక్యోకు రావడం ఇష్టం లేక నగోయా దగ్గర సొంతూరి చుట్టుపక్కలే ఉండిపోయి, పేజీలు విమానంలో పంపేవారు. ఆయన గీసిన వాహనాల్లో ఒక్కో బోల్టూ సరిగ్గా ఉండటానికి కారణం ఆ నమూనాలే. పని తప్పించుకునే తెలివి కూడా తక్కువేమీ కాదు, 'డ్రాగన్ బాల్' హీరో బలం పెరిగి సూపర్ సైయన్‌గా మారినప్పుడు జుట్టు బంగారు రంగులోకి మారడానికి ఒక కారణం, నల్లగా ఉంటే ప్రతి గడిలోనూ సిరాతో నింపాల్సి రావడమే. రుమికో తకహషి హన్షిన్ టైగర్స్ బేస్‌బాల్ జట్టుకు వీరాభిమాని. నావోకి ఉరసావా గిటారు వాయిస్తారు, పాటలు రాసి 2008లో సొంత ఆల్బమ్ విడుదల చేశారు. జుంజి ఇతో భయానక కథలు గీస్తారు కదా, ఇంట్లో పిల్లులతో వేగలేక ఆ పిల్లుల మీదే ఒక పుస్తకం వేశారు. ఆయన మాంగాలోకి రాకముందు దంతాలు తయారుచేసే సాంకేతిక నిపుణుడు, ఆ చేతి నైపుణ్యం బొమ్మల్లో కనపడుతుంది.

హిరోము అరకావా ఉదాహరణ వేరే చెప్పాలి. జపాన్ ఉత్తర దీవి హొక్కైదోలో పాడిపశువుల కుటుంబం. చదువు అయ్యాక ఏడేళ్లు ఆ పొలంలోనే పనిచేశారు. తనను తాను కళ్లద్దాలు పెట్టుకున్న ఆవులా గీసుకుంటారు. 2007లో, 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' నడుస్తుండగా, బిడ్డను కన్నారు, సీరియల్ ఒక్క నెల కూడా ఆగలేదు. దీన్ని చాలామంది పౌరుషంగా చెప్పుకుంటారు. నాకైతే చదివినప్పుడల్లా గుండె గుభేలుమంటుంది. పొలంలో ఆవులకు సెలవు ఉండదని తెలిసిన మనిషి కాబట్టి చేయగలిగారేమో గానీ, అందరూ అలా చేయాలని పత్రికలు ఎదురుచూస్తే మాత్రం అన్యాయం.

సంసారం సంగతి. తొగాషి భార్య 'సైలర్ మూన్' గీసిన నావోకో తకెఉచి, 1999లో పెళ్లయింది. ఇలా చిత్రకారులు చిత్రకారులను చేసుకోవడం అరుదేమీ కాదు, ఆ వేళలు మరొకరికి అర్థం కావు. మిజుకి మాత్రం పెద్దలు కుదిర్చిన సంబంధం చేసుకున్నారు. 1961లో పెళ్లిచూపులైన ఐదో రోజునే పెళ్లి. అద్దె పుస్తకాల దుకాణాలకు మాంగా గీసే ఆ రోజుల్లో చేతిలో పైసా నిలిచేది కాదు. భార్య నునోఎ సిరా పనిలో చెయ్యి కలిపేవారు. అంత లేమిలోనూ వాళ్లిద్దరూ కలిసి యుద్ధనౌకల ప్లాస్టిక్ నమూనాలు అతికిస్తూ జపాన్ నౌకాదళాన్నంతా ఇంట్లో నిలబెట్టాలని చూశారట. ఆవిడ 2008లో రాసిన జ్ఞాపకాలు 2010లో జపాన్ ప్రజాప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో టీవీ ధారావాహికగా వచ్చి ఇంటింటా చూశారు. మాంగా చిత్రకారుడి ఇల్లు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దానికన్నా మంచిది నేను చూడలేదు.

డబ్బు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను, ఎందుకంటే గీయని సమయంలో ఎక్కువ భాగం తినేది అదే. పత్రిక పేజీకింత అని ఇస్తుంది. అసిస్టెంట్ల జీతం, స్టూడియో అద్దె, తిండి ఖర్చు అన్నీ చిత్రకారుడే ఆ డబ్బులోంచి పెట్టుకోవాలి. వారపత్రికలో కొత్తగా చేరినవాళ్లకు అది చాలదు. సంపుటాలు అమ్ముడుపోయి రాయల్టీ వచ్చేదాకా నష్టమే. అందుకే ప్రతి ఫిబ్రవరి, మార్చి నెలల్లో పన్ను లెక్కల కోసం రసీదులు పోగేయడం చిత్రకారుల దినచర్యలో తప్పనిసరి ఘట్టం. సినిమా టికెట్లు, బొమ్మ తుపాకులు, కూర్చున్న రెస్టారెంటు బిల్లు, ఏది పని ఖర్చో ఏది సరదా ఖర్చో తేల్చలేక తల పట్టుకుంటారు. రాతల మీద, బొమ్మల మీద వచ్చే ఆదాయం ఒక ఏడు విపరీతంగా వచ్చి మరుసటి ఏడు పడిపోతుంది కాబట్టి, దాన్ని సగటు చేసి పన్ను వేసే వెసులుబాటు జపాన్ చట్టంలో ఉంది. రచయితలు, చిత్రకారుల కోసం ప్రత్యేకంగా ఆరోగ్య బీమా సంఘం కూడా ఉంది. సీరియల్ దొరికినరోజు సీనియర్లు కొత్తవాళ్లకు చెప్పే మొదటి సలహా గీత గురించి కాదు, అకౌంటెంటును పెట్టుకోమని.

రోజువారీ జీవితం నేరుగా వాళ్ల మాటల్లోనే కావాలంటే పత్రిక విషయసూచిక దగ్గర ప్రతి చిత్రకారుడూ వారానికొక వాక్యం రాస్తారు, అవి చదవండి. ఏ గేము ఆడారు, ఏ నూడుల్సు తిన్నారు, పిల్లి ఏం పగలగొట్టింది, అంతే ఉంటుంది. ఉరసావా నడిపిన 'మాన్‌బెన్' అనే ఎన్‌హెచ్‌కే కార్యక్రమంలో చిత్రకారుల బల్లల దగ్గర కెమెరాలు బిగించి రోజుల తరబడి తీశారు. గీత ఎలా పడుతుందో చూడటానికే అందరూ చూస్తారు. మీరు మాత్రం వాళ్లు ఎప్పుడు లేచి వెళ్తున్నారో, తిరిగొచ్చి ఏం చెరిపేస్తున్నారో గమనించండి.

ఇక మీ సంగతి. ఆఫీసు తర్వాత మూడింటిదాకా మేలుకుంటున్నానన్నారు. అంటే అలసిన చేత్తో, అలసిన బుర్రతో మీరు చేస్తున్నది బహుశా నేము పనే, అంటే అన్నిటికన్నా చురుకైన బుర్ర కావాల్సిన పని. దాన్ని పొద్దున ఆఫీసుకు ముందు గంటకు మార్చండి. రాత్రి పూట సిరా పని పెట్టుకోండి, పదకొండింటికి ఆపేయండి. శనివారం సగం రోజు మాంగాకు సంబంధం లేనిది ఏదైనా చేయండి, క్రికెట్టో, వంటో, ఊళ్లు తిరగడమో. ఉద్యోగం ఇప్పుడే మానకండి, ఆఫీసులో మనుషులు మాట్లాడుకునే తీరు మీకు ఉచితంగా దొరుకుతున్న సరుకు. ముందుగా 19 పేజీల కథ ఒకటి ఆరంభం నుంచి అప్పగింత దాకా పూర్తిచేసి, ఏ దశకు ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. అది పూర్తయ్యాక, 'షోనెన్ జంప్' ప్రచురణ సంస్థ షుయేషా 2022లో మొదలుపెట్టిన 'మాంగా ప్లస్ క్రియేటర్స్' వెబ్‌సైటు ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ కథలు తీసుకుంటుంది, హైదరాబాదు నుంచే పంపొచ్చు. మీ గంటల లెక్క ఇక్కడ పెడితే ఎక్కడ ఆలస్యమవుతోందో చూసి చెప్తాను.